జెక్రీత్ రాళ్ళ మధ్య ఏడు మాటల నడక

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై ఎనిమిదేళ్ళు. ఇన్నాళ్ళూ ఇది రాయకపోవడానికి కారణం అదే. చిన్నప్పుడు మా లంకలో కొబ్బరి పీచు కొట్టడానికి కూర్చోబెట్టారు. బడి మా ఇంటికి కనపడే దూరంలోనే ఉండేది కానీ పీచు ఊరు మొత్తానికి కూడు పెట్టేది. పెళ్ళయ్యాక పిల్లలు, తర్వాత ఖతర్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటపని. తిరిగొచ్చి, మోకాళ్ళు మొరాయించి మంచం మీద కూర్చున్నాక, మా వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచరమ్మ తన అరుగు చివర నాకూ ఇంత చోటిచ్చింది. రెండో తరగతి పిల్లలు నేను రాసిన 'ఋ' చూసి తేలు అనేవాళ్ళు.

ఖతర్‌లో ఉన్నప్పుడు మా ఉత్తరాలన్నీ క్యాసెట్లే. ఈ నడక గురించి కూడా మా అక్కకు క్యాసెట్‌లో చెప్పడం మొదలుపెట్టాను. రెండు వైపులా నిండేసరికి కథ పొగమంచు దాకా వచ్చింది. రెండో క్యాసెట్ కొన్నాను కానీ చెప్పలేకపోయాను. వంటింటి పక్క గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ పాట పాడితే ఎటునుంచైనా ఎవరైనా అందుకుంటారేమోనని భయమేసింది. కాగితం తిరిగి పలకదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్

గల్ఫ్ యుద్ధం ముగిసిన మూడు నాలుగేళ్ళ తర్వాత మాట. అప్పటికి ఆ దేశంలో మాకు చర్చి లేదు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక మేడ మీద జీవరత్నం గారు ఉండేవారు. ఆయనది భీమవరం వైపు, ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. వాళ్ళ హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. పాట పక్కింటికి వినపడకుండా పాడటం మాకు బాగా అలవాటైపోయింది. గోదావరి జిల్లాలో మైకు పెట్టి తెల్లవారుజామునే ఊరిని లేపే మనుషులం, అక్కడ పెదాలు కదిపి సరిపెట్టుకునేవాళ్ళం.

మా పాటకు ఇంకో పద్ధతి ఉంది. చదువు రానివాళ్ళు సగంమంది కనుక, పుస్తకం ఉన్న మనిషి ఒక లైను అందిస్తే మిగతావాళ్ళం అదే లైను పలుకుతాం. మళ్ళీ ఆయన అందిస్తాడు, మళ్ళీ మేం పలుకుతాం. నేను నలభై ఏళ్ళు అలాగే పాడాను. గొంతు ఎటు పోతే అటు.

అక్కడ వారపు సెలవు శుక్రవారం. క్రిస్మస్‌కి సెలవుండేది కాదు గానీ మంచి శుక్రవారం ఎప్పుడొచ్చినా సెలవే. జీవరత్నం గారి ఆఫీసులో ఇరాక్ నుంచి వచ్చిన ఒక ముసలి క్రైస్తవుడు ఉండేవాడట. పూర్వం, ఇప్పటి మతం రాకముందు, ఆ దేశంలో మఠాలుండేవనీ, పడవల్లో వచ్చిన యాత్రికులు పడమటి తీరంలో జెక్రీత్ దగ్గర దిగి, రాతి కొండల మీదుగా లోపలికి నడిచేవాళ్ళనీ ఆయన చెప్పాడట. దారి పొడుగునా చిన్న చిన్న రాళ్ళ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయన్నాడట. ఆ గుట్టలు సన్యాసులు పెట్టినవో, ఒంటెలవాళ్ళు పెట్టినవో నాకు తెలీదు. జీవరత్నం గారు మాత్రం నమ్మారు. మంచి శుక్రవారంనాడు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ధ్యానం చేస్తాం కదా. ఆ ఏడు మాటలకు ఏడు చోట్ల ఆగుతూ ఆ దారి నడుద్దామన్నారు.

గురువారం సాయంత్రం మా మామాను, అంటే ఇంటి యజమానురాలిని, బతిమాలుకుని ఆ మేడకు చేరాను. సువార్త అప్పటికే వంటింట్లో చింతపండు పులుసు ఉడికిస్తోంది. మా పక్క లంక పిల్ల, నేనుండే ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. ఉపవాసం విడిచాక తినడానికి పులిహోర చేస్తున్నాం.

"అక్కా, మా అత్త క్యాసెట్ వచ్చింది," అంది అన్నం ఆరబోస్తూ.

సువార్త భర్త దేవదానం నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. నాలుగేళ్ళ కిందట జెక్రీత్ వైపు ఒక క్యాంపుకి నీళ్ళు తీసుకెళ్ళి తిరిగిరాలేదు. ట్యాంకరు దొరికింది. తలుపు తెరిచే ఉంది, సీటు మీద టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా ఉంది. అడుగులు ఇసకలో కొంతదూరం వెళ్ళి రాతినేల దగ్గర ఆగిపోయాయి. అంతే. ఆయన ఏమయ్యాడో కనుక్కుందామనే సువార్త ఇంటిపనికి వీసా తీసుకుని ఆ దేశం వచ్చింది.

"ఏమంటోంది మీ అత్త?"

"ఈస్టరుకి ఆయన పేరన సమాధి కట్టిస్తదంట. అందరూ సమాధులకి సున్నాలేసి పూలు పెట్టుకుంటుంటే మాకు మాత్రం ఏడవడానికి చోటు లేదే అని ఏడిచింది. మేస్త్రీ ఇటుకలు దింపేశాడంట. నేను ఊఁ అంటే శనివారం కట్టేసి ఆదివారం తెల్లారగట్ల ప్రార్థన పెట్టిస్తారు. శనివారం లోపల ఫోన్లో చెప్పమంది."

"నువ్వేమంటావ్?"

అన్నంలో పసుపు వేసి కలపసాగింది. "లోపల ఎవరూ లేని సమాధక్కా. ఊఁ అంటే నేనే ఆయన్ని చంపినట్టు. ఊహూఁ అంటే ఆ ముసల్దాన్ని చంపినట్టు. రేపు నడిచొచ్చి చెబుతాను," అంది.

దుఖాన్ రోడ్డు

పొద్దు పొడవకముందే వ్యాను ఎక్కాం. అందరం కలిసి డజను మందిమి. వ్యాను నడిపే నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. హిందువు, కానీ మా ప్రార్థనలకి ఎప్పుడూ బండి అతనిదే. దారిలో ఒక కొట్టు దగ్గర ఆపి తనకు చాయ్, ఖుబ్జ్ రొట్టె తెచ్చుకున్నాడు. ఉపవాసం ఉన్న మా ముందు తింటూ ఏమాత్రం మొహమాటపడలేదు.

"మీరు తినరు, తాగరు, నడుస్తరు. నేను తింట, తాగుత, నడుస్త. పుణ్యం ఎవ్వలికి ఎక్కువొస్తదో సూద్దాం అక్కా!"

"నీకు ఎక్కువే వస్తది లేవయ్యా, నీళ్ళ డబ్బా మోసేది నువ్వే కదా," అన్నాను.

"నీళ్ళు మోస్తే పుణ్యం గాదు, ఫులూస్ రావాలె, పైసలు. గీ దేశంల పెట్రోలు కన్న నీళ్ళే పిరం."

రోడ్డుకు రెండు వైపులా ఏమీ లేదు. ఏమీ లేదు అంటే మా వాళ్ళకు అర్థం కాదని తెలుసు. మా దగ్గర ఖాళీ జాగా అంటే గడ్డి ఉంటుంది, గట్టు ఉంటుంది, కొంగ ఉంటుంది. అక్కడ నేల రంగూ ఆకాశం రంగూ ఒకటే. మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. పడమటికి వెళ్ళేకొద్దీ ఆ గీత కూడా మాసిపోవడం మొదలైంది. సముద్రం మీదనుంచి మంచు వస్తోంది. ఎండాకాలం ముందు ఒక్కోసారి అక్కడ అలా పడుతుంది. మా ఊరి మంచు పొగాకు ఆరబెట్టే బేరన్ల పొగలా పైన తేలుతుంది. ఇది నేలనుంచి లేచినట్టు, పాలు పొంగినట్టు వచ్చింది. నాలికకు ఉప్పగా తగిలింది.

"తిరిగి పోదామా సార్?" అన్నాడు నర్సయ్య. ఆ ఒక్కసారే అతని గొంతులో వేళాకోళం లేదు.

జీవరత్నం గారు అద్దం తుడిచి చూశారు. "పొద్దెక్కితే విడిపోతుంది. పద," అన్నారు.

మొదటి గుట్ట

వ్యాను దిగిన చోట నేల పైన ఉప్పు పెచ్చు కట్టి ఉంది. అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు విరుగుతుంది, కింద మెత్తగా తడి. అది దాటగానే రాయి మొదలు. మొదటి రాళ్ళ గుట్ట మా మోకాలెత్తు కూడా లేదు. పిల్లలు ఆడుకుని వదిలేసినట్టుంది. దాని చుట్టూ నిలబడి మొదటి మాట ధ్యానం చేశాం. గొంతెత్తి పాడమన్నారు జీవరత్నం గారు. ఇన్నేళ్ళూ గుసగుసగా పాడినవాళ్ళం కదా, ముందు ఎవరికీ గొంతు రాలేదు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. తర్వాత పాడాం.

ఆ పాట ఆయన కట్టుకున్నదే. "ముందు నడిచే నాయనా, మా అడుగు విడువకుమా" అని మొదలవుతుంది.

"ఇక్కణ్ణించి పాట ఆపొద్దు," అన్నారాయన. "మగాళ్ళం ముందు నడుస్తాం. నేను లైను అందిస్తాను, మీరు వెనకనుంచి పలకండి. కనపడకపోయినా పర్లేదు. వినపడితే చాలు."

మంచి ఏర్పాటే అనుకున్నాం.

కొండలు అంటే పాపికొండలు చూసినవాళ్ళు నవ్వుతారు. అవి నిలువుగా కోసిన గట్లు, బల్లల్లాగా పైన చదునుగా ఉంటాయి. గాలి అడుగుభాగాన్ని తినేసి పైభాగాన్ని వదిలేస్తే, పుట్టగొడుగుల్లా ఒంటికాలి మీద నిలబడ్డ రాళ్ళు కొన్ని.

"మా ఊరి చెరువు కట్ట గింతకన్న ఎత్తుంటది. దీన్ని కొండంటరా?" అన్నాడు నర్సయ్య.

కానీ ఎక్కుతుంటే తెలిసింది. రాయి పొరలు పొరలుగా ఉండి కాలికింద జారుతుంది. ఒక గట్టు ఎక్కితే లోయ, లోయలో దిగితే ఇంకో గట్టు. మంచులో దేనికి చివర ఎక్కడో కనపడదు. మోకాళ్ళు అప్పటికే మూలుగుతున్నాయి కనుక నేను వెనకబడ్డాను. సువార్త నాకోసం ఆగింది. వరసలో ఆఖరున మేమిద్దరమే.

ఒంటికాలి రాళ్ళు

రెండో మాట, మూడో మాట అయ్యాయి. మూడోది తల్లికి కొడుకుని అప్పగించిన మాట. అక్కడ సువార్త తలెత్తలేదు. అత్త గుర్తొచ్చి ఉంటుంది.

తర్వాత మంచు ఇంకా దగ్గరైంది. నా ముందు నడుస్తున్న సువార్త చీర అంచు కనిపిస్తుంది, తల కనిపించదు. రాళ్ళు ఉన్నట్టుండి ఎదురొచ్చి మనుషుల్లా నిలబడేవి. ఒకదానికి నిజంగానే దారి ఇచ్చాను. దూరంనుంచి జీవరత్నం గారు లైను అందించారు. మేము పలికాం.

మేము పలికాక, ఎడమవైపునుంచి, ఇంకో గొంతు అదే లైను పలికింది.

మగ గొంతు.

ఇద్దరం ఆగిపోయాం. "రాయికి తగిలి వచ్చింది," అన్నాను.

"అవునక్కా," అంది సువార్త.

మళ్ళీ ముందునుంచి లైను వచ్చింది. పలికాం. ఎడమవైపు నిశ్శబ్దం. హమ్మయ్య అనుకుని అడుగు వేశాను. అప్పుడు పలికింది. రాయికి తగిలిన మాట వెంటనే తిరిగొస్తుంది. ఇది ఆగి, మనసులో ఒకసారి చెప్పుకుని, అప్పుడు పలికినట్టుంది. చివరి మాటను పొలంలో పాడేవాళ్ళలా సాగదీసింది.

సువార్త నా చెయ్యి పట్టుకుంది. "ఆయన అలాగే సాగదీసేవాడు," అంది.

"ఒసేయ్, ఊరుకో. మూడోసారి దాకా పలక్కు." మా వైపు ఒక నమ్మకం ఉంది. చీకట్లో, మంచులో పేరుపెట్టి పిలిస్తే వెంటనే పలకరు. గాలీ ధూళీ అయితే మూడోసారి పిలవదంటారు.

మూడోసారి పలికింది. ఈసారి దగ్గరగా.

అప్పుడు చేసిన తప్పు మాలాంటివాళ్ళే చేస్తారు. పుస్తకం చూసి పాడేవాళ్ళయితే పాట ఎక్కడుందో పుస్తకంలో చూసుకుంటారు. మేము చెవితో నడిచేవాళ్ళం. దగ్గర గొంతే మాకు పెద్దగొంతు. ముందునుంచి వచ్చే లైను సన్నబడింది, పక్కనుంచి వచ్చేది నిండుగా ఉంది. మా కాళ్ళు ఎటు తిరిగాయో మాకు తెలీకుండానే ఎడమకు తిరిగాయి. కొంతదూరం వెళ్ళాక జీవరత్నం గారి గొంతు వినిపించడం మానేసింది.

"సువార్తా, వెనక్కి పద."

నా చేతిలో దాని చెయ్యి లేదు. ఎప్పుడు వదిలిందో తెలీలేదు.

"ఏవండీ!" అని అరుస్తోంది మంచులో ఎక్కడో. పెళ్ళయిననాటినుంచి మొగుణ్ణి పిలిచే పిలుపు. "ఏవండీ, నేనేనండీ!"

రాళ్ళు ఆ పిలుపుని ముక్కలు ముక్కలుగా తిప్పి పంపాయి. నా ముందునుంచి పిలిచింది, తర్వాత నా వెనకనుంచి, తర్వాత ఏ మనిషీ నిలబడలేనంత ఎత్తునుంచి. ఏ పిలుపు దానిదో, ఏది రాయిదో తెలియక నేను కదలకుండా నిలబడ్డాను. కాలికింద గులకరాళ్ళు కదిలిన చప్పుడు. వందల చిన్న చిన్న కాళ్ళు నా చుట్టూ నడుస్తున్నట్టు చప్పుడు. ఏదో వెచ్చగా నా చేతిని నాకింది.

మేక.

లింగన్న మంద

మేకల వెంట నడిచాను. అవి ఒక గట్టు పక్కకు తీసుకెళ్ళాయి. రేకులు, గోనెపట్టాలతో వేసిన చిన్న కప్పు, ఒక నీళ్ళ డ్రమ్ము. దాని ముందు సువార్త నిలబడి ఉంది. ఆమెకు పదడుగుల దూరంలో, చేతిలో కర్రను అడ్డంగా పట్టుకుని, ఒక మనిషి. గడ్డం రొమ్ము దాకా ఉంది. ఒంటిమీద అరబ్బు చొక్కా, అది ఏ రంగుదో చెప్పలేం.

"మీరెవ్వలు?" అన్నాడు. "మనుషులేనా? దయ్యాలా?"

సువార్త ఆ మొహంలోకే చూస్తోంది. ఆ మనిషి దేవదానం కాదని నాకు చూడగానే తెలిసింది. దానికి తెలియడానికి ఎక్కువసేపు పట్టింది. తెలిశాక అక్కడే రాళ్ళ మీద కూలబడింది.

"మనుషులమే అన్నా," అన్నాను. "నువ్వెవరు?"

అతను కర్ర పారేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. మేకలు తినడం ఆపి చూశాయి.

అతని పేరు లింగన్న. ఆర్మూరు దగ్గర పల్లె. ఇంటి తోటపని అని వీసా ఇచ్చి తీసుకొచ్చి మంద దగ్గర వదిలారు. వారానికోసారి బండిలో ఒక మనిషి వచ్చి నీళ్ళు, పిండి, ఉల్లిగడ్డలు దింపి వెళ్తాడు. అతనిది ఏదో వేరే భాష.

"ఏడాదిన్నర అయితాంది అక్కా తెలుగు ఇనక. మేకలతోటే మాట్లాడుత. పొద్దుగాల్ల మంచుల పాట ఇనబడ్డది. నాకు పిచ్చి లేసిందనుకున్న. మా అవ్వ చెప్పేది, దయ్యమైతే మూడోపారి పిలువదని. అందుకే ఆగి ఆగి పలికిన. తెలుగైతే ఏందిరా, దయ్యమైనా మంచిదే అనుకున్న."

అతను మా మూడోసారి కోసం, మేము అతని మూడోసారి కోసం ఎదురుచూశామన్నమాట. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత అతను ఇంకో మాట అడిగాడు.

"మీ ఎన్కాల ఇంకొకాయన పాడుకుంట వచ్చిండు గదా. ఏడి? ఆగిపోయిండా?"

"మా వెనక ఎవరూ లేరన్నా. ఆఖర్న మేమిద్దరమే."

"లేకపోవుడేంది? మీరు ఆడోల్లు పలికినంక, మీ ఎన్కనుంచి మొగాయన పలికిండు. ఆయన పలికినంకనే నేను పలికిన."

మంచులో వచ్చిన దారివైపు చూశాను. సువార్త చూడలేదు. ఆ మనిషినే చూస్తూ, "గొంతెలా ఉంది?" అంది.

"మంచిగుంది," అన్నాడు లింగన్న. "దూరం నడిచి అలిసిపోయినోని లెక్క."

తప్పిన ఉపవాసం

మా కేకలు విని జీవరత్నం గారు, నర్సయ్య అక్కడికి చేరేసరికి మంచు పలచబడి, రాళ్ళు రాళ్ళలాగే కనపడుతున్నాయి. లింగన్న మాట చెబితే జీవరత్నం గారు కాస్త ఆలోచించారు. "అది నా గొంతే అయ్యుంటుందమ్మా. గట్టుకు తగిలి మీ వెనకనుంచి వచ్చి ఉంటుంది," అన్నారు. అయ్యుంటుంది. కానీ చెబుతూ ఆయన కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

నర్సయ్య లింగన్న భుజం మీద చెయ్యి వేసి, "నడువు అన్నా. బండి ఉంది. మా రూముకు పోదాం, తర్వాత ఏం జేయాల్నో సూద్దాం," అన్నాడు.

లింగన్న తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తే ఇయ్యి నీళ్ళు లేక సస్తయి. పాసుపోటు ఆల్లకాడ ఉంది. పారిపోయినోడంటరు. నువ్వు మల్లొచ్చే శుక్రారం రా తమ్మీ. జర మాట్లాడెటోల్లను తోల్కరా."

"ఒట్టు. తప్పకుంట వస్త," అన్నాడు నర్సయ్య. అన్నట్టే వెళ్ళాడు కూడా. కానీ అది అతను చెప్పుకోవాల్సిన కథ.

సువార్త లేచి, సంచిలోంచి పులిహోర డబ్బా తీసి మూత విప్పి అతని ముందు పెట్టింది. లింగన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండో ముద్ద పెట్టుకోకుండా, "నువ్వు గూడ తిను బిడ్డా. ఒక్కన్నే తిని తిని పాణం ఇసిగింది," అన్నాడు.

మా వైపు మంచి శుక్రవారం మూడింటి ఆరాధన అయ్యేదాకా మెతుకు ముట్టం. సువార్త జీవరత్నం గారి వైపు చూడలేదు, నన్నూ అడగలేదు. అతని డబ్బాలోంచే ముద్ద తీసుకుని తింది. జీవరత్నం గారు చేతి గడియారం చూసుకున్నారు. తర్వాత తన ఫ్లాస్కు మూత తిప్పి నీళ్ళు వంచి ఇద్దరి మధ్యా పెట్టారు. నాలుగో మాటకు అక్కడే ఆగినట్టు లెక్క వేసుకుందామన్నారు.

బయలుదేరేముందు లింగన్న ఒక్కటే అడిగాడు. "ఇంటికి నా ముచ్చట చెప్పుండ్రి. బతికే ఉన్ననని చెప్పుండ్రి. నాకు రాయరాదు. ఒక్కపారి ఆ బండాయనకు సైగ జేసి చెప్పిన, ఆయనకు సమజ్ కాలే."

వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్టులో ఫోను ఉందట. వచ్చేముందు ఆ నంబరు మరిచిపోకుండా పాటలా కట్టుకుని నేర్చుకున్నాడట. పాడి వినిపించాడు. జీవరత్నం గారు జేబులు తడుముకున్నారు. కలం వ్యాన్లోనే ఉండిపోయింది.

"ఏం పర్లేదు," అంది సువార్త. "నువ్వు అందించన్నా, మేం పలుకుతాం."

అతను అంకెల లైను అందించాడు. మేము పలికాం. మళ్ళీ అందించాడు, మళ్ళీ పలికాం. నోటికి వచ్చాక సెలవు తీసుకుని నడిచాం. మిగతావాళ్ళను కలుసుకుని సంగతి చెప్పాక, మరిచిపోతే ఎలా అని అందరం అదే పాడుకుంటూ గట్లు ఎక్కాం. ఎండ కాస్తోంది. దాహమన్న అయిదో మాట దగ్గర నిజంగానే నాలికలు పిడచకట్టుకుపోయాయి. అంత భక్తిగా ఫోను నంబరు పాడినవాళ్ళు లోకంలో ఇంకెవరూ ఉండరు. నర్సయ్య రాగం కూడా కలిపాడు.

వెనక ఎవరూ పలకలేదు. నేను ప్రతి లైనుకీ చెవి పెట్టాను కనుక చెప్పగలను. సువార్త కూడా పెట్టింది.

ఆఖరి మెట్ట

ఏడో మాట ఎత్తయిన గట్టు మీద. అక్కడి రాళ్ళ గుట్టే అన్నిటికన్నా పెద్దది. పైనుంచి చూస్తే ఒకవైపు సముద్రం, పచ్చగా, పలచగా, అలలు లేకుండా. మేము వచ్చిన దారి మొత్తం కనపడింది. మంచులో పొద్దంతా నడిచామనుకున్న దూరం మా ఊరి రేవునుంచి సంత దాకా ఉంటుందేమో. లింగన్న రేకుల కప్పు మెరుస్తోంది. దాని పక్కన తెల్లటి చుక్కలు మేకలు. కనుచూపు మేరలో ఇంకే మనిషీ లేడు.

మూడు గంటలకు ఆరాధన ముగించాం. మిగిలిన పులిహోర తలా గుప్పెడు వచ్చింది.

తిరిగొస్తుంటే వ్యానులో సువార్త కిటికీ పక్కన కూర్చుంది. "ఏమనుకున్నావే?" అన్నాను.

"ఆ లింగన్న పెళ్ళాం ఇప్పుడేం చేస్తా ఉంటదో అనుకుంటన్నానక్కా," అంది. సమాధి మాట ఎత్తలేదు.

శనివారం పొద్దున

మరునాడు పొద్దున్నే ఖుబ్జ్ తెస్తానని చెప్పి ఇంట్లోంచి బయటపడ్డాను. సువార్త కూడా అదే వంక పెట్టుకుని వచ్చింది. బేకరీ పక్కన కార్డు పెట్టి మాట్లాడే ఫోను ఉంది. అంకెలు గుర్తుపట్టడం అప్పటికే వచ్చు నాకు. సువార్త నంబరు పాడింది, నేను ఒక్కొక్కటే నొక్కాను.

కిరాణా కొట్టాయన ముందు నమ్మలేదు. "ఏ లింగన్న? దుబాయ్ పోయిన లింగన్ననా?" అన్నాడు. తర్వాత పది నిమిషాలాగి చెయ్యమని పెట్టేశాడు. మళ్ళీ చేసేసరికి అవతల జనం గోల. ఒక ఆడమనిషి గొంతు. ఇద్దరం రిసీవరుకి చెరోవైపు చెవి ఆనించాం.

"ఎవ్వలు?"

"నీకు నేను తెలీదమ్మా. మీ ఆయన్ని నిన్న చూశాను. బతికే ఉన్నాడు. నా చేత్తో అన్నం పెట్టాను," అంది సువార్త.

 

"నువ్వెందుకు గిట్ల పరాశికాలాడుతవ్?" అంది అవతలి ఆమె. "ఆయనకు పోయినేడే దినాలు జేసిన్రు. నా గాజులు పలగ్గొట్టిన్రు. అందరు పోయిండంటే నేను సరే అన్న."

సువార్త రిసీవరు తనవైపు లాక్కుంది. "నీ మొగుడు నంబరు పాటలా పాడతాడు. చివర సాగదీస్తాడు. ఇదిగో, విను," అని ఆ అంకెలు లింగన్న పాడినట్టే పాడింది.

అవతల ఆమె గట్టిగా ఏడ్చింది. కొట్టులో ఎవరో ఏదో అంటున్నారు.

"ముందు బొట్టు పెట్టుకోమ్మా," అంది సువార్త. "కొట్లో కుంకం ఉంటది కదా, అడుగు. పెట్టుకో, నేను ఆగుతాను."

కుంకుమ కోసం అవతల కేకలు వినిపిస్తుండగానే కార్డు అయిపోయింది.

సువార్త నా వైపు తిరిగింది. కళ్ళలో తడి లేదు. "ఇంకో కార్డు తెస్తావా అక్కా? మా అత్తకు చెయ్యాలి. కట్టొద్దని చెప్పాలి. మేస్త్రీ పని మొదలెట్టేస్తాడు."

"ముసల్దానికి ఏం చెబుతావే?"

"నాతోపాటు ఇంకొంత కాలం చూడమని చెబుతాను."

ఆ మాట మంచిదో చెడ్డదో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. పరుగెత్తలేని మోకాళ్ళతో కొట్టుకు పరుగెత్తి కార్డు కొన్నాను. తిరిగొచ్చేసరికి లైను ఎప్పుడో తెగిపోయింది. అయినా సువార్త రిసీవరు పెట్టెయ్యలేదు. చెవికి గట్టిగా ఆనించుకుని, తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వింటోంది. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆగమంది.

ఆగాను. తర్వాత ఆమె చేతిలోంచి రిసీవరు మెల్లగా తీసుకుని, కొత్త కార్డు పెట్టి, వాళ్ళ అత్త ఊరి నంబరు నొక్కాను.